కారుకు మొప్పలు

పోయినవారం మిమ్మల్ని సగం కోసిన రేకు దగ్గర నిలబెట్టి వెళ్ళాను. మీకు కోపం వచ్చే ఉంటుంది. నాకు మీకంటే ఎక్కువ వచ్చింది, కాకపోతే నా కోపం వేరే. ఎక్కడ ఆగామో గబగబా చెప్పేస్తాను, కొత్తగా చదివేవాళ్ళు కూడా నాతో రండి.

నా పేరు సుష్మిత. పంజాగుట్ట సర్కిల్ దాటి లోపలికి వంపు తిరిగే సందులో మా బాపు రాజనర్సయ్య పెట్టిన డెంటింగు షెడ్డు, కార్ల సొట్టలు తీసే షెడ్డు ఉంది. బాపు చేతులు వణకడం మొదలయ్యాక సుత్తి నేను పట్టుకున్నాను. రంగు పని నా తమ్ముడు విక్రమ్‌ది. మా షెడ్డు ఎదుట సీతాబాయి అనే ఆమె మిర్చి బజ్జీల బండి పెట్టుకునేది. మాకు చుట్టం కాదు, అయినా చిన్నప్పట్నుంచీ అత్త అనే పిలుస్తాం. బోనాల వారంలో, వాన పడుతున్న సాయంత్రం, అమీర్‌పేట హాస్టళ్ళ సందులో బండి తోసుకుంటూ పోతున్న సీతత్తను ఒక కారు గుద్దేసి పోయింది. కుడికాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. కారు నెంబరు ఎవరూ చూడలేదు. బజ్జీల బండి ఇనుప మూలకు నీలం రంగు అంటుకుని ఉంది, దొరికిన ఆధారం అదొక్కటే. ఆ బండిని తెచ్చి మా షెడ్డులోనే టార్పాలిన్ కింద పెట్టాం. సీతత్త ఆసుపత్రి మంచం మీద నుంచి అందరికీ ఒకే మాట చెబుతోంది. "నాకు పైసలొద్దు. గా మనిషి వచ్చి నా ముందట నిలబడి, నేనే గుద్దిన అని ఒక్కసారి అంటే చాలు."

ఇంతలో వంశీధర్ అనే పెద్దమనిషి నీలం కారు మా షెడ్డుకొచ్చింది. దానికి మొప్పలు పెట్టాలి. ముందు చక్రానికీ తలుపుకీ నడుమ ఉండే రేకును ఫెండరు అంటారు కదా, దాన్ని చీల్చి, ఆ చీలికల్లో నల్ల జాలీలు బిగించాలన్నమాట. వాళ్ళు సైడ్ వెంట్లు అంటారు. మా షెడ్డులో మాత్రం చేపను చూసినవాళ్ళం కాబట్టి మొప్పలు అంటాం. కుడి ఫెండరు కోశాను. ఇనుము ఇనుములాగే నిప్పురవ్వలు రాల్చింది. ఎడమ ఫెండరు మీద గ్రైండరు పెట్టగానే నిప్పు రాలేదు. గులాబీరంగు పొడి లేచి నా మొహమంతా కొట్టింది. అది పుట్టీ. అంటే అక్కడ ఒకప్పుడు పెద్ద సొట్ట ఉంది, ఎవరో దాన్ని నింపి, రంగు వేసి, నున్నగా చేసి దాచారు.

అదీ సంగతి. గ్రైండరు ఆపేసి, వంశీధర్‌కి ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మన్నాను.

ఆయన వచ్చేలోపల నా మనసులో ఏముందో దాచుకోవడం నాకు చేతకాదు కాబట్టి చెప్పేస్తాను. నాకు ఈ మొప్పలంటేనే రోత. పరుగుపందెం కార్లకు వాటితో అవసరం ఉంటుంది, చక్రాల దగ్గర బిగుసుకున్న గాలి బయటికి పోవాలి. అమీర్‌పేట చౌరస్తాలో ఆటోల వెనక పాకే కారుకు ఏం గాలి, ఎక్కడికి పోవాలి? ఆడపిల్లకు ముక్కు కుట్టించేముందు ఇంటిల్లిపాదీ మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు. నిక్షేపంలాంటి రేకుకు కన్నాలు పొడవమని మాత్రం నవ్వుతూ వచ్చి చెబుతారు. అదీ చాలక తమ్ముడు గీసిచ్చిన అచ్చుకాగితం చూస్తే జానెడు కంటే పెద్దగా ఉంది. ఇంత పెద్దవి ఎందుకురా, కారుకా తిమింగలానికా అని నేను నవ్వాను కూడా. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. ఆ అచ్చుకాగితం సరిగ్గా సొట్ట ఉన్నంత మేరకు గీసి ఉంది. కోసేస్తే సొట్టా పోతుంది, పుట్టీ పోతుంది, సీతత్త కాలు విరిచిన రేకు తుక్కులో కలిసిపోతుంది. పైగా షోకు. థూ, ఇదా మీ షోకు అనుకున్నాను.

బాపు మామూలుగా తన చోట, పాత స్కూటరు సీటు బిగించిన స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో చాయ గ్లాసు. సగం చాయ ఎప్పటిలాగే పంచె మీద పడింది. నేను గ్రైండరు ఆపిన దగ్గర్నుంచీ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేనేమో పట్టించుకోలేదు.

వంశీధర్ సందు మొదట్లో ఆటో దిగి, నీళ్ళగుంటలు దాటుకుంటూ వచ్చాడు. అమీర్‌పేట మెట్రో స్తంభాల మీద ఈయన బొమ్మ మీరు చూసే ఉంటారు, చేతులు కట్టుకుని ఆకాశంలోకి చూస్తుంటాడు, కింద మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని రాసి ఉంటుంది. బొమ్మలో కంటే మనిషి పొట్టి. సెంటు వాసన ఆయనకంటే ముందే షెడ్డులోకి వచ్చింది. థిన్నరు వాసనతో కలిసి అది నా గొంతులో పట్టుకుంది.

"ఏంటి సుష్మితగారూ, అయిపోయిందా మన వర్కు? ఆదివారం ఫ్యామిలీతో బయటికెళ్ళాలండీ, అందరూ చూస్తారు" అన్నాడు.

"సగమైంది సార్. జర ఇటొచ్చి చూడుండ్రి."

ఎడమ ఫెండరు దగ్గరికి తీసుకెళ్ళి, కింద పడిన గులాబీరంగు పొడిని చెప్పుతో తోసి చూపించాను. "గిదేందో తెల్సునా మీకు?"

"పౌడరా?"

"పుట్టీ. మీ బండికి ఎడమ దిక్కు ఎప్పుడు తాకింది?"

"తాకడమేంటండీ? కొన్న దగ్గర్నుంచీ చిన్న గీత కూడా పడనివ్వలేదు నేను. మా అబ్బాయిని సైకిలు తొక్కుతూ పక్కనుంచి కూడా పోనివ్వను."

నాకు ఇంక ఆగలేదు. మూలకెళ్ళి టార్పాలిన్ లాగి పారేశాను. సీతత్త బండి బయటపడింది. ఒక చక్రం లోపలికి ముడుచుకుంది, బజ్జీల మూకుడు పెట్టే చట్రం వంగిపోయింది, ఇనుప మూల మీద నీలం రంగు అలాగే ఉంది. బండిని ఈడ్చుకొచ్చి కారు పక్కన పెట్టాను. ఇనుప మూల వచ్చి ఫెండరు మీద నేను కోసిన చోటే ఆనింది. కొలిచి చూపించాల్సిన అవసరం కూడా లేకపోయింది.

వంశీధర్ జేబులోంచి కర్చీఫు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పాత నూనె వాసనట. మనిషి కాలు పోయే స్థితిలో ఉంటే ఈయనకు నూనె వాసన పడలేదు. ఛీ, ఇలాంటి మనుషులకు కూడా నేను సార్ అంటున్నానా అనిపించింది.

"బోనాల వారం, వానపడ్డ శుక్రారం సాయంత్రం మీరు యాడున్నరు?" అని అడిగాను. "గుద్దినంక ఆగబుద్ధి కాలేదా మీకు? గిప్పుడు మొప్పలు పెట్టి మూసేద్దామనుకున్నరా? నా చేతితోనే కోయిస్తుండ్రు, ఎంత ధైర్యం మీకు?"

ఆయన కర్చీఫు కిందికి దించాడు. భయపడిపోయాడు, కానీ అది దొరికిపోయినవాడి భయం కాదు. నాకు అప్పుడే కొంచెం తేడా కొట్టింది.

"అయ్యయ్యో, ఏం మాట్లాడుతున్నారండీ? ఆ శుక్రవారం నేను విశాఖపట్నంలో ఉన్నాను. మా కొత్త బ్రాంచి ప్రారంభం. ఫోటోలున్నాయి, చూపించమంటారా?"

"మరి మీ బండి?"

"బండి మీ దగ్గరే ఉంది కదండీ!"

"మా దగ్గరనా?"

"పాలిష్ చేయిస్తానని గురువారమే మీ తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. నేను ఊర్నుంచి వచ్చేదాకా ఈ షెడ్డులోనే ఉంది. మీకు తెలీదా?"

నాకు తెలీదు. ఆ వారం నేను సిద్దిపేటలో పెద్దబాపు ఇంటి బోనాల్లో ఉన్నాను. శనివారం వాన వల్ల ఊరేగింపు ఆలస్యమైందని అందరం విసుక్కుంటున్నప్పుడే, ఇక్కడ సీతత్తకు ఇలా అయిందని విక్రమ్ ఫోన్ చేశాడు. ఫోన్లో ఏడ్చాడు. మా తమ్ముడి మనసు వెన్న అని చుట్టాలందరి ముందూ చెప్పుకున్నాను.

"మరి మొప్పలు గావాలని మీరే అడిగిండ్రు గదా?" అన్నాను.

"నేనెందుకు అడుగుతానండీ? అవేంటో కూడా నాకు తెలీదు. విక్రమే ఫోన్లో ఫోటోలు పంపించాడు. అతికించే రకం ఉంటాయట కదా, అవి పెట్టెయ్యి బాబూ అంటే, అవి డూప్లికేటు సార్, మీ రేంజికి నిజంగా కోసి పెట్టినవే ఉండాలి అన్నాడు. సరే, కుర్రాడు ముచ్చటపడుతున్నాడు కదా అని..." ఆయన మాట ఆపి కారు వైపు, బజ్జీల బండి వైపు, నా వైపు చూశాడు. లెక్క తేలింది ఆయనకు. "ఓరి దేవుడా" అన్నాడు.

నేను కింద కూర్చున్నాను. ఒప్పుకోవాలని లేదు. రంగు వేసింది విక్రమ్ కావచ్చు, కానీ సొట్ట తీయడం వాడికి రాదు. ఆ రేకు లోపలికి ఎంత పోయిందో బజ్జీల బండిని చూస్తే తెలుస్తోంది. దాన్ని ఎత్తి మట్టంగా తెచ్చిన చెయ్యి వేరే ఎవరిదో ఉండాలి. అయితే బయట ఎక్కడో చేయించి ఉండాలి, వేరే షెడ్డువాళ్ళు గుద్దారేమో, వేరే ఎవరో తీసుకెళ్ళారేమో అని పిచ్చిపిచ్చిగా ఆలోచిస్తూ, స్క్రూడ్రైవరు మొనతో కోసిన అంచు వెంబడి పుట్టీ గీకాను. పుట్టీ పలచగానే ఉంది, పైపూత మాత్రమే. దాని కింద వెండిలాగా తెల్లగా మెరిసింది. మొన గుచ్చితే మెత్తగా దిగింది.

తగరం.

హైదరాబాదులో ఇప్పుడు ఏ షెడ్డుకైనా వెళ్ళండి, సొట్ట తీసి, మిగిలిన గుంటలో డబ్బా పుట్టీ పూస్తారు. అరగంటలో పని అవుతుంది. మా బాపుకు పుట్టీ అంటే పరమ అసహ్యం. రేకును మంటతో వేడిచేసి, తగరం కడ్డీ కరిగించి, ఆముదంలో ముంచిన గుడ్డతో ఒక్క తుడుపులో పరుస్తాడు. ఇనుముకు ఇనుములాగే అతుక్కుపోతుంది, కారు తుక్కయ్యేదాకా ఊడదు. ఆయన గురువు ఆయనకు నేర్పాడు, ఆయన నాకు నేర్పాడు. నాకు ఓపిక లేక నేను చేయను. ఈ ఊళ్ళో ఇంకెవరూ చేయగా నేను చూడలేదు.

వేలితో తడిమి చూశాను. బాపు తుడుపు అద్దంలాగా ఉండేది. ఇది అలా లేదు, అలలు అలలుగా ఉంది. గుడ్డ పట్టుకున్న చెయ్యి వణికిన చోటల్లా ఒక గట్టు లేచింది. దాని కోసమే పైన పుట్టీ పూసి సరిచేశారు.

"బాపూ" అన్నాను.

ఆయన చాయ గ్లాసులోకి చూస్తున్నాడు.

"బాపూ, నిన్నే. ఎవరు చెయ్యమన్నరు?"

"నేనే చేసిన."

"చేసింది నువ్వేనని నాకు కనపడ్తనే ఉంది. ఎవరు చెయ్యమన్నరు అని అడుగుతున్న."

గ్లాసు కింద పెట్టబోయాడు. అది స్టూలు అంచుకు తగిలి పడి పగిలింది. ఆయన గాజుముక్కల వైపు చూస్తూనే మాట్లాడాడు. "పుట్టీ పెడ్త అన్నడు బిడ్డా వాడు. అంత లోతు గుంటకు పుట్టీ పెడ్తె ఏమైతది? ఎండకు ఉబ్బుతది, ఏడాదిలోపల పగుల్తది. మన షెడ్డుకెల్లి గట్ల ఎట్ల పోనిస్త?"

నేను విన్నదాని మీద నాకే నమ్మకం కలగలేదు. ఆడమనిషి కాలు విరిగిన గుర్తును చెరిపెయ్యడానికి కూర్చుని, మా బాపు పుట్టీ పగులుతుందేమోనని బాధపడ్డాడు. పుట్టీ పెట్టి ఊరుకుని ఉంటే ఎవరు చేశారో నాకు జన్మలో తెలిసేది కాదు.

"దొంగపనికి సుత గ్యారంటీ ఇచ్చినవా బాపూ?" అన్నాను. "నీకు జరంతన్న సిగ్గనిపియ్యలేదా? చేతులు వణుకుతున్నయని రెండేండ్ల సంది సుత్తి ముట్టనోనివి, గీ పనికి లేసినవా?"

"కొడుకు ఏడ్చిండు బిడ్డా. కాళ్ళ మీద పడి ఏడ్చిండు."

"సీతత్త ఏడ్వలేదా?"

ఆయన పంచె మీద పడిన చాయను తుడుచుకున్నాడు.

ఇక్కడ వంశీధర్ గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషిని అన్యాయంగా అనేశానే, క్షమించమని అడగాలి అని నాలుక చివరిదాకా వచ్చింది నాకు. దేవుడి దయ, రాలేదు.

"చూడండి సుష్మితగారూ, అదంతా మీ ఇంటి విషయం. నేను కలగజేసుకోను" అన్నాడు. "కాకపోతే బండి నా పేరు మీద ఉంది కదండీ. ఇది బయటికొస్తే తీసుకెళ్ళి స్టేషన్లో పడేస్తారు. పేపర్లో నా పేరే వస్తుంది. అసలే అడ్మిషన్ల సీజను. ఎలాగూ సగం కోశారు కదా, ఆ మిగతా సగం కూడా కోసేసి వెంట్లు బిగించెయ్యండి. నేను ఏమీ చూడలేదు, మీరూ ఏమీ చూడలేదు. ఆమెకు ఏదైనా పళ్ళూ అవీ పంపిద్దాం."

పళ్ళట! నిమిషం క్రితం ఓరి దేవుడా అన్న నోరే అది. నేను ఏం తిట్టానో ఇక్కడ రాస్తే సంపాదకులు కొట్టేస్తారు. మీరే ఊహించుకోండి, తక్కువగా మాత్రం ఊహించుకోకండి.

ఆ తిట్ల మధ్యలోనే విక్రమ్ వచ్చాడు. ఒక చేతిలో కొత్త మొప్పల అట్టపెట్టె. కృష్ణానగర్‌లో సినిమా సెట్లకు ఫైబరు అచ్చులు పోసే దినేశ్ దగ్గర ప్రత్యేకంగా చేయించాడు వాటిని. రెండో చేతిలో కడిగిన టిఫిన్ డబ్బా. రోజూ మధ్యాహ్నం సీతత్తకు అన్నం తీసుకెళ్ళేది వాడే. డబ్బా కట్టేది నేను. నాలుగు మెతుకులు కలిపి నోట్లో పెట్టి మరీ వస్తాడని, కన్నకొడుకు కూడా అలా చేయడని పక్క మంచాలవాళ్ళు నాతో చెప్పారు. నాకు అప్పుడు గర్వంగా అనిపించింది.

వాడు బజ్జీల బండిని, గీకిన తగరాన్ని, పగిలిన గ్లాసును చూశాడు. పెట్టె కింద పెట్టాడు. డబ్బా మాత్రం చేతిలోనే ఉంది.

"అక్కా, జర నా మాట ఇను."

"చెప్పు."

"వానల ఏం కనపడలే అక్కా. పాలిష్ అయినంక ఊకె ఒక్క రౌండ్ ఏద్దామని తీసిన. బ్రేక్ కొట్టిన, జారింది. అంతే. కావాలని చేస్తనా నేను?"

"ఎందుకు ఆపలే?"

"భయమైంది. ఆపలే. సీదా వచ్చేసిన. ఎవరికి తగిలిందో సుత చూడలే. తెల్లారినంక తెల్సింది సీతత్త అని. నీ మీద ఒట్టు అక్కా, తెల్సుంటే ఆగకపోదునా?"

ఏం దాచను, ఆ మాటకు నా కోపం ఒక మెట్టు దిగింది. భయపడ్డాడు, పారిపోయాడు, ఎవరో తెలియదు. తప్పే, కానీ మనిషి చేసే తప్పు అనిపించింది. వాడికి నడవడం నేర్పించి పెంచినదాన్ని, అంత త్వరగా రాయినైపోలేను.

"మరి తెల్సినంక? అత్తకు ఎందుకు చెప్పలే? ఆమె అడిగేది గదొక్కటే గదా."

"రోజు డబ్బ తీస్కపోతున్న గదక్కా" అన్నాడు. డబ్బాను కొంచెం పైకెత్తి చూపించాడు కూడా.

నేను వండిన పప్పు, నేను కట్టిన డబ్బా. దానితోనే వాడు రోజుకింత చొప్పున తన పాపాన్ని తుడుచుకుంటూ వచ్చాడు. నా చేత వండించి, బాపు చేత అతికించి, చివరికి నా చేతనే కోయించాలనుకున్నాడు. రంగు పూయడం తప్ప వాడు ఒక్క పనైనా తన చేత్తో చేసుకోలేదు.

"ఇగ అయిపోయింది అక్కా. గా ముక్క కోస్తే ఐదు నిమిషాల పని. మొప్పలు పెడ్తే ఎవరికీ తెల్వది. సీతత్తను బతికినంత కాలం నేనే చూసుకుంట, మాటిస్తున్న."

"అదే నేను కూడా చెబుతున్నానండీ" అన్నాడు వంశీధర్.

నేను లేచి పానా తీసుకున్నాను. బానెట్ ఎత్తి, ఫెండరు పై అంచు బోల్టులు ఒకటొకటిగా విప్పడం మొదలుపెట్టాను. కోయడం కాదు, రేకును రేకులాగే విప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళి సీతత్త మంచం పక్కన పెడతాను, ఆ తర్వాత ఆమె ఏం చేయమంటే అది చేస్తాను అని పైకే చెప్పాను. విక్రమ్ నా చెయ్యి పట్టుకోబోయాడు. పానా ఎత్తి చూపించాను. వెనక్కి తగ్గాడు.

బాపు మాత్రం తగ్గలేదు. స్టూలు మీదనుంచి లేచి, గాజుముక్కలు తొక్కుకుంటూ వచ్చి, కారుకూ నాకూ మధ్య నిలబడ్డాడు.

"తీస్కపోతవా, తీస్కపో. నేను సుత వస్త. బండి నేనే నడిపిన అని చెప్త."

"ఏంది బాపూ?"

"నేనే నడిపిన, నేనే గుద్దిన, నేనే అతికిన. నాదేమున్నది ఇంక, ముసలోన్ని. వానికి ముందట జిందగీ ఉన్నది."

నేను విక్రమ్ వైపు చూశాను. ఇప్పుడైనా అంటాడు, వద్దు బాపూ అంటాడు, ఆ మాత్రం మనిషి వాడిలో మిగిలే ఉంటాడు అనుకున్నాను. వాడు తల దించుకున్నాడు. మెల్లగా ఊపిరి వదిలాడు. బరువు దిగినవాడు వదిలే ఊపిరి అది, నేను చూశాను. ఇంత నీచం మా ఇంట్లోనే పెరిగిందా, దీనికేనా నేను అన్నం కలిపి పెట్టింది అని నా ఒళ్ళంతా కంపరమెత్తింది.

అప్పుడు నా ఫోన్ మోగింది. సీతత్త.

ఎత్తి, స్పీకరు నొక్కి, బానెట్ మూసి దాని మీద పెట్టాను.

"సుస్మితా, విక్రమ్ వచ్చిండా ఆడికి?"

"వచ్చిండు అత్తా. ఈడనే ఉన్నడు."

నేను ఇంకో మాట అనేలోపల బాపు ఫోను మీదికి వంగాడు. "సీతమ్మా, నేను రాజనర్సయ్యని. నిన్ను గుద్దిన బండి నడిపింది నేనే. నేనే సీతమ్మా."

అటు వార్డులో ఎవరో దగ్గుతున్నారు. వంశీధర్ గోడ దగ్గరికి జరిగాడు.

"అన్నా" అంది సీతత్త చివరికి. కోపంగా అనలేదు. "చాయ గిలాస సక్కగ పట్టలేవు, నువ్వు స్టీరింగ్ ఎట్ల పడ్తివే?"

బాపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నన్ను గుద్దినోడు బండి ఆపిండు అన్నా. దిగిండు. ఫోన్ లైటేసి నా మొకం చూసిండు. వాన్ని నేను సుత చూసిన. సీతత్తా అని పిలిచిండు. మల్ల బండెక్కి పోయిండు."

విక్రమ్ చేతిలో డబ్బా మూత ఊడి కిందపడి దొర్లుకుంటూ పోయింది. ఆపలేదన్నాడు. చూడలేదన్నాడు. నా మీద ఒట్టు పెట్టాడు. నేను వాడి వైపు చూడలేకపోయాను. చూస్తే కొడతానని కాదు, అసలు చూడబుద్ధి కాలేదు.

"నాకు మొదటి దినం కెల్లి తెల్సు బిడ్డా" అంటోంది సీతత్త నాతో. "పోలీసోళ్ళు అడిగినప్పుడల్లా చూడలే అనుకుంట వచ్చిన. రోజు వస్తడు, అన్నం కలిపి పెడ్తడు. ఇయ్యాల చెప్తడేమో అని తింట. చెప్పడు. రేపు చెప్తడేమో అని మల్ల ఎదురు చూస్త. గీ పొద్దు డాక్టరు సారు వచ్చి చెప్పిండు, కాలు తీసేస్తరట. కాలు ఉన్నప్పుడే ఆ మాట ఇనాలని ఉండె నాకు. ఇయ్యాల సుత అన్నం పెట్టి, మూతి తుడిచి పోయిండు."

ఆమె గొంతు అక్కడ మొదటిసారి తడబడింది. మళ్ళీ సర్దుకుంది.

"ఎస్సై సారు వచ్చిండు. వరండల డాక్టరుతోని మాట్లాడుతుండు. లోపలికొచ్చి మల్ల అడుగుతడు, చూసినవా అని. నేనేం చెప్పాలెనో నువ్వు చెప్పకు, మీ బాపు చెప్పొద్దు. వాన్ని చెప్పమను."

నేను బాపును భుజం పట్టి పక్కకు జరిపాను. ఆయన నా చేతుల్లో తేలిగ్గా కదిలాడు. కోసిన రేకుకూ బజ్జీల బండికీ నడుమ విక్రమ్‌కి దారి వదిలాను. వాడు ఒక్కొక్క అడుగే వేసుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు.

ఫోన్లో కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపించింది. "ఏమ్మా సీతాబాయీ, ఇప్పుడన్నా చెప్తావా? ఆ మనిషిని చూశావా, లేదా?" అని ఒక మగ గొంతు అడిగింది.

సీతత్త జవాబు వాడికే వదిలి ఎదురుచూస్తోంది.

విక్రమ్ ఫోను మీదికి వంగి నోరు తెరిచాడు.